గిన్నెల అడుగున పేర్లు

ఈస్ట్ కాల్డర్ ఊరు వేసిన ఓటు చెల్లదని కౌంటీ కోర్టు కొట్టేసిన రోజున, లూయెల్లా పెల్కీ ఇంట్లో మధ్యాహ్నం దాటినా ఎవరూ పొయ్యి రాజెయ్యలేదు.

లూయెల్లా కోటయినా విప్పకుండా వంటింటి బల్ల ముందు కూర్చుంది. బూట్లనిండా బురద. మార్చి నెలాఖరు, మంచు కరిగి రోడ్లన్నీ ఊబిలా తయారయ్యే రోజులు. కోర్టు నుంచి వస్తుంటే కొండ మలుపులో కారు దిగబడింది. కూతురు కొరిన్ దిగి తోసింది. తోస్తున్నంతసేపూ పెదవి విప్పలేదు. ఇంట్లోకి వచ్చి తలుపు మూశాక అందుకుంది.

"ఎందుకమ్మా అలా చెప్పావు?"

"అడిగారు. చెప్పాను."

"లాయరు నీకు ముందే చెప్పాడు కదా, 'సరిగ్గా గుర్తులేదండీ' అంటే చాలు, జడ్జిలు జాలిపడి వదిలేస్తారని. ఆ ఒక్క ముక్క నోట్లోంచి రాలేదా నీకు?"

"గుర్తున్నదాన్ని లేదని ఎట్లా అంటానే?"

"నాన్న పోయి రెండు రోజులు. నువ్వేం చేస్తున్నావో నీకే తెలియని స్థితి. అది అబద్ధం కాదుగా!"

"తెలుసు," అంది లూయెల్లా. "నాకు బాగానే తెలుసు."

కొరిన్ తాళంచెవులు బల్లమీద పడేసింది. అవి జారి కింద పడ్డాయి. ఇద్దరిలో ఎవరూ వంగి తియ్యలేదు.

లూయెల్లా భర్త వెండెల్ ఫిబ్రవరిలో ఒక సోమవారం పొద్దున ఇంటిముందు మంచు ఎత్తిపోస్తూ, పార చేతిలో ఉండగానే ఒరిగిపోయాడు. ముప్పై ఏళ్ళుగా అతను నడిపిన వారపత్రిక 'కాల్డర్ రికార్డ్' బుధవారం అచ్చుకు వెళ్ళాలి. ఆ వారానికి రాదులే అనుకుంది ఊరు. వచ్చింది. అక్షరాలు కూర్చి అచ్చువేసే ఆర్మాండ్ టిబో, లూయెల్లా, ఇద్దరే కూర్చుని తెచ్చారు.

చివరి పేజీలో రావలసింది మార్చి ఊరి సభ ప్రకటన. ఓటర్లంతా హాల్లో కూర్చుని చేతులెత్తి తేల్చే అంశాలన్నీ అందులో వరసగా ఉంటాయి. ప్రతి అంశాన్నీ హాలు తలుపుకి అంటించాలి, పత్రికలోనూ వెయ్యాలి. వెర్మాంట్ చట్టం అది. రెంటిలో ఏది తప్పినా ఆ అంశంమీద ఓటు నిలవదు. ఈ ఏడాది ఆఖరి అంశం ఊరి బడిది. బడి ఉంచాలా, మూసేసి పిల్లల్ని పది మైళ్ళ అవతల పెద్దబడికి బస్సులో పంపాలా అన్నది.

పేజీలో చోటు చాలలేదు. ఆర్మాండ్ వచ్చి అడిగాడు: "మేడమ్, బొమ్మ చిన్నది చెయ్యనా?" వెండెల్ పోయిన వార్తతో వేస్తున్నది, కిందటేడు ఊరి సభలో తీసిన బొమ్మ. వెండెల్ లేచి నిలబడి, రెండు బొటనవేళ్ళూ ప్యాంటు పట్టీల్లో దూర్చి, ఎవరినో సతాయించబోతూ నోరు తెరిచి ఉన్నాడు.

బొమ్మ అలాగే ఉంచి ఆఖరి అంశం తీసెయ్యమంది లూయెల్లా. దాని సంగతి ఊళ్ళో తెలియనిదెవరికి, కొట్టు తలుపుమీద కూడా ఉందిగా అంది. హాల్లోనూ కొట్లోనూ గోడమీదే చదువుకునే ఊరు అది. ప్రకటన కోసం పత్రిక తిప్పినవాళ్ళు లేరు. బడి మూయించాలని చూస్తున్న రాష్ట్ర సెనేటర్ రాయిస్ స్టానార్డ్ ఒక్కడు తప్ప.

ఊరు బడి ఉండాలని చెయ్యెత్తింది. రాయిస్ కోర్టుకెక్కాడు. బోనులో నిలబడిన లూయెల్లా, "తీసెయ్యమన్నది నేను. ఆర్మాండ్ కాదు. అంశం అక్కడుండాలని నాకు తెలుసు," అంది. ఆ బడిలో మూడు నుంచి ఆరు తరగతులకి ఒకే గదిలో పాఠం చెప్పేది ఆమే.

"ఇంక అయిపోయింది," అంది కొరిన్. "ఊరి పెద్దలు మళ్ళీ సభ పెట్టరు. వచ్చే మార్చి దాకా ఆగమంటారు. అక్కడ మాంట్‌పీలియర్‌లో రాష్ట్ర శాసనసభ ముందు బిల్లు తయారుగా ఉంది. జూలై మొదటి తేదీలోగా చెల్లే ఓటు వెయ్యని ప్రతి ఊరి బడీ దానంతటదే పెద్దబడిలో కలిసిపోతుంది. చెప్పనా, ఆ బిల్లు టైపు చేసింది అక్కడి మా ఆఫీసే."

"నువ్వే చేశావేమో."

"నేనే చేశాను. ఒక్క తప్పు లేకుండా. నీ దగ్గర చదివినదాన్ని కదా."

లూయెల్లా కూతురి మొహంలోకి చూసింది. "తప్పులు లేకుండా చేసుంటావు. అందులో నాకు అనుమానం లేదు," అంది.

కొరిన్ మొహం తిప్పుకుంది. గొంతు తగ్గించి, "బర్లింగ్టన్ కంపెనీవాళ్ళు పత్రిక కొంటామంటున్నారు. శుక్రవారంలోగా జవాబివ్వాలి. ఇచ్చేయమ్మా. నాతో వచ్చి ఉండు. నీకెందుకీ అవస్థ?" అంది.

లూయెల్లా తలెత్తి చూసింది. గోడమీద గడియారం ఆగిపోయి ఉంది. దానికి కీ ఇచ్చేది వెండెల్.

బయట ట్రక్కు ఆగిన చప్పుడయింది.

వచ్చినవాడు డెల్విన్ గోకీ. కౌంటీకి జనం ఎన్నుకున్న ఇద్దరు పక్కజడ్జిల్లో ఒకడు. లా చదవలేదు. ఆవులు, మేపుల్ చెట్లు అతని బతుకు. కోర్టు రోజుల్లో మాత్రం పెద్ద జడ్జికి కుడిపక్కన కూర్చుని, ఏం జరిగింది, ఏం జరగలేదు అన్నది మిగతా ఇద్దరితో పాటు తేలుస్తాడు. పొద్దున కోర్టులో వేసుకున్న కోటే ఇంకా ఒంటిమీద ఉంది. కింద మాత్రం రబ్బరు బూట్లు.

"టీచరుగారూ, లోపలికి రావచ్చా?"

"రా డెల్విన్. కూర్చో. కాఫీ లేదు, పొయ్యి వెలగలేదు."

"అదేం పని!" అంటూ అతనే వంగి పొయ్యి తలుపు తీశాడు. కట్టెలు పేర్చాడు, కాగితం ముట్టించాడు. మంట అంటుకున్నదాకా అక్కడే గొంతుక్కూర్చున్నాడు. లేవకుండానే చెప్పాడు.

"లోపలి గదిలో మిగతావాళ్ళు ఏమన్నారో నేను చెప్పకూడదు. నేనేమన్నానో చెప్పుకోవచ్చు. ఇంకొకళ్ళ నోటి ద్వారా మీకు తెలియకూడదని వచ్చాను."

"చెప్పు."

"పత్రికలో ఆ అంశం పడిందా లేదా అన్నది మేం తేల్చాల్సిన సంగతి. ముగ్గురిలో ఇద్దరు ఎటంటే అటు. నేను పడలేదన్నాను."

కొరిన్ రెండడుగులు ముందుకేసింది. "అంటే నువ్వు పడిందని ఉంటే..."

"అది నన్ను అడక్కు కొరిన్."

"అడక్కపోతే ఏం? అర్థమవుతూనే ఉంది! ఆ రెండో ఆయన మనవైపే ఉన్నాడన్నమాట. నీ ఒక్కడి మాట మీద పోయిందన్నమాట. డెల్విన్, నీ పిల్లలు ఎక్కడ చదువుతున్నారు?"

"ఇక్కడే. ముగ్గురూ."

"మరి?"

డెల్విన్ చేతులు ప్యాంటుకి తుడుచుకుని లేచాడు. "పేజీ నా చేతికిచ్చారు. అటూ ఇటూ తిప్పి చూశాను. వెండెల్ బొమ్మ ఉంది. కింద ఆఖరి అంశం లేదు. లేనిదాన్ని ఉందని నేను రాస్తే, రేపు రాయిస్ తరఫున ఇంకెవడో అలాగే రాస్తాడు. అప్పుడు వాణ్ణి నేనేమని అడగాలి? ఇంతకుమించి నాకు చెప్పడం రాదు. మా ఆవిడ కూడా పొద్దుట్నుంచీ నాతో మాట్లాడటంలేదు. మధ్యాహ్నం భోజనం పశువుల కొట్టంలో పెట్టింది."

కొరిన్‌కి నవ్వొచ్చింది. కోపంగా ఉండాలని ప్రయత్నించినా ఆగలేదు.

లూయెల్లా లేచింది. అప్పటికి కోటు విప్పి కుర్చీ వీపుకు తగిలించింది. డెల్విన్ ఎదురుగా నిలబడి, "నీకు నేను చాలా రుణపడి ఉన్నాను డెల్విన్," అంది.

అతను బిత్తరపోయాడు. "తిడతారనుకుని వచ్చాను టీచరుగారూ."

"ఫిబ్రవరి నుంచీ అందరూ నన్ను చూసి జాలిపడుతున్నారు. మంచి మనసుతోనే పడుతున్నారు, కాదనను. లాయరు కూడా జాలి అడుక్కుందామన్నాడు. ఇవాళ బోనులో నిలబడి నేనొక మాట చెప్పాను. ఆ మాట నిజమని నమ్మి, అలాగే రాసినవాడివి నువ్వు. నన్నింకా మామూలు మనిషిగానే చూశావు."

డెల్విన్ టోపీని చేతుల్లో తిప్పుతూ నిలబడ్డాడు. కోటు జేబులోంచి చిన్న సీసా తీసి బల్లమీద పెట్టాడు. "ఈ ఏటి మొదటి మేపుల్ పాకం. లేత రంగు వచ్చింది," అని, తలుపు దాకా వెళ్ళి ఆగాడు. "పెద్దల్ని మళ్ళీ సభ పెట్టమని అడిగాను. ఎవరైనా గట్టిగా అడిగితే చూద్దామన్నారు. గట్టిగా అంటే ఎంత గట్టిగానో నేను చెప్పకూడదు. జడ్జిని కదా." అంటూ కొరిన్ వైపు ఒక చూపు చూసి వెళ్ళిపోయాడు.

ట్రక్కు చప్పుడు దూరమయింది.

కొరిన్ పొయ్యిమీద నీళ్ళు పెట్టింది. చేతులు ఖాళీగా ఉండలేక అలమర తలుపు తెరిచింది. తెరిచి, అలాగే నిలబడిపోయింది.

"ఇవన్నీ ఏంటమ్మా?"

అలమర నిండా పరాయి గిన్నెలు. గాజు పళ్ళేలు, ఎనామిల్ బేసిన్లు, మూతలున్న కుండలు. వెండెల్ పోయిన వారం ఊరు తెచ్చిన వంటలు వాటిలో వచ్చాయి: చీజు వేసిన మాకరోనీ, ఉడికించిన చిక్కుళ్ళు, బంగాళదుంపలు, ఆపిల్ పై. కడిగి, తుడిచి, ఒకదాంట్లో ఒకటి పేర్చి ఉన్నాయి. ఒక్కటీ తిరిగి వెళ్ళలేదు.

"రెండు నెలలు! ఊళ్ళో వాళ్ళంతా దేంట్లో వండుకుంటున్నారు?"

"పంపాలి," అంది లూయెల్లా.

"ఇవ్వడానికి ఏమయింది నీకు?"

"వెళ్తే కూర్చోమంటారు. కూర్చుంటే మీ నాన్న మాట తీస్తారు."

కొరిన్ ఒక పళ్ళెం తీసి తిరగేసింది. అడుగున తెల్ల టేపు ముక్క, దానిమీద సిరాతో ఇంటిపేరు: బౌటెల్. ఇంకోటి తీసింది. హేజెన్. ఇంకోటి. లాడ్. ఈ ఊళ్ళో చావింటికి వెళ్ళే ప్రతి గిన్నెకీ అడుగున పేరుంటుంది. తిరిగి ఇంటికి దారి తెలియాలిగా. బల్లమీద ఒక్కొక్కటే బోర్లా పెడుతూ పోయింది. పెట్టేకొద్దీ చేతులు వేగం తగ్గాయి.

"అమ్మా."

"ఊఁ."

"ఊరి ఓటర్లలో నూటికి ఐదుగురు సంతకం పెట్టి అడిగితే, పెద్దలు సభ పెట్టకుండా తప్పించుకోలేరు. చట్టమది. డెల్విన్ నోరు కట్టుకుని చెప్పిపోయింది అదే."

"అయితే?"

"అయితే ఏముంది! ఇక్కడ నూటికి ఐదుకంటే ఎక్కువ గిన్నెలున్నాయి."

లూయెల్లా బల్లవైపు చూసింది. బోర్లించిన గిన్నెలన్నీ ఆమెవైపు పేర్లు చూపిస్తున్నాయి. వంగి, కింద పడిన తాళంచెవులు తీసి కూతురి చేతిలో పెట్టింది.

గిన్నెలన్నీ కారెక్కించి ముందు అచ్చుగదికి వెళ్ళారు. సంతకాల కాగితంపైన అడిగే మాట స్పష్టంగా అచ్చయి ఉంటే మంచిదంది కొరిన్. ఆర్మాండ్ దీపపు వెలుగు కళ్ళలో పడకుండా నుదుటికి ఆకుపచ్చ అట్ట కట్టుకుని, అక్షరాలు పోతపోసే యంత్రం దగ్గర ఉన్నాడు. లూయెల్లాని చూసి లేచాడు. పొద్దున కోర్టులో వెనక బెంచీలో కూర్చుని, తీర్పు చదవకముందే లేచి వెళ్ళిపోయిన మనిషి.

"మేడమ్, అక్కడ నా పేరు ఎందుకు తీసేశారు? 'ఆర్మాండ్ కాదు' అని ఎందుకన్నారు?"

"నువ్వు కాదు కాబట్టి."

"నేనే!" అన్నాడు ఆర్మాండ్. "అక్షరం చిన్నది వాడితే ఆ అంశం పట్టేది. నాకు తెలుసు. ఇరవై ఏళ్ళు ఆ పేజీ కట్టినవాణ్ణి. మీరు బొమ్మ ఉంచమనగానే నేను ఇంకేమీ వెతకలేదు. నాక్కూడా ఆయన బొమ్మ పెద్దదే కావాలి. అంత పెద్దదే."

ఇద్దరూ యంత్రానికి చెరోపక్కా నిలబడ్డారు. గదినిండా కరిగిన సీసం వాసన.

"అయితే ఇద్దరమూ," అంది లూయెల్లా.

"ఇద్దరమూ," అన్నాడు ఆర్మాండ్, పెద్ద బరువేదో సగం పంచుకున్నట్టు. వెంటనే కూర్చుని మీటలు కొట్టడం మొదలుపెట్టాడు. కాగితం తడి ఆరకముందే చేతికిస్తూ, "మొదటి సంతకం నాది. నేను పుట్టింది క్విబెక్‌లో అయినా ఓటు ఇక్కడిదే," అని పెద్ద వంకర్లతో పేరు రాశాడు. వెళ్ళేముందు అడిగాడు: "రేపు సాయంత్రం అచ్చుకి పేజీలు మూస్తాను. వెండెల్‌గారు రాసే చోట ఈ వారం కూడా వాతావరణమే వెయ్యనా?"

లూయెల్లా కొంచెం ఆలోచించింది. "రేపు చెప్తాను."

మొదటి ఇల్లు బౌటెల్‌లది. పెర్లీ బౌటెల్ ఎనభై దాటిన మనిషి. గుమ్మంలోనే పళ్ళెం అందుకుని, వెలుతురుకి పెట్టి పగుళ్ళున్నాయేమో చూశాడు.

"బతికించావు లూయెల్లా. దీనికోసం మా ఆవిడ రోజూ నా ప్రాణం తీస్తోంది. నేనే వెళ్ళి తెస్తానంటే, 'సిగ్గులేదా, మొగుడు పోయినదాని దగ్గరికి గిన్నె అడుక్కోడానికి పోతావా' అంటుంది. మర్నాడు మళ్ళీ పళ్ళెమేదీ అంటుంది."

"ఆలస్యమయింది పెర్లీ. ఏమనుకోకు."

"సరేలే. ఆ కాగితమేంటి?"

కొరిన్ చెప్పింది. పెర్లీ అద్దాలు సర్దుకుని మొత్తం చదివాడు. "బడి ఉండకూడదని చెయ్యెత్తినవాణ్ణి నేను. గుర్తుందా?"

"గుర్తుంది," అంది లూయెల్లా.

"పన్నులు కట్టలేక చస్తున్నాం. మళ్ళీ అడిగినా అట్లాగే ఎత్తుతాను. మీ ఆయనతో నలభై ఏళ్ళు పోట్లాడాను, ఏ ఒక్క సంగతీ ఒప్పుకోలేదు."

"ఆయనకీ అదే సరదా."

"కానీ కోర్టు కొట్టేసింది నా చెయ్యిని కూడా కదా!" అన్నాడు పెర్లీ, మొహం ఎర్రబడి. "ఆ మంచులో వచ్చి, ఆ చెక్కబెంచీలో నడుం విరిగేలా కూర్చుని ఎత్తిన చెయ్యి. లెక్కలోకి రాదంటే నేనూరుకుంటానా? కలం ఇలా తే."

సంతకం పెట్టి, మెట్లు దిగుతున్న లూయెల్లాని వెనక్కి పిలిచాడు. "వెండెల్ లేకపోతే సభలో నాకెవరు అడ్డం తగులుతారో తెలియలేదు ఈసారి. చప్పగా ఉండింది."

లూయెల్లా భయపడిన మాట అదే. రెండు నెలలుగా అలమర తలుపు వెనక దాచుకున్న మాట. తీరా చెవిన పడ్డాక, దాన్ని ఎవరైనా అనాలనే ఇన్నాళ్ళూ ఎదురు చూసినట్టనిపించింది.

"నాకూ ఇంట్లో అలాగే ఉంది," అంది.

ఇంటి తర్వాత ఇల్లు. హేజెన్‌ల ఇంట్లో పాకం కాగుతోంది. ఆవిరిలో నిలబడే సంతకం పెట్టారు. లాడ్‌ల పెద్దకోడలు తన మూకుడు చూసి ముద్దుపెట్టుకుంది. సంతకం పెట్టనివాళ్ళూ ఉన్నారు. గిన్నె పుచ్చుకుని, "మా ఆయన రాయిస్ దగ్గర పనిచేస్తాడు లూయెల్లా, అర్థం చేసుకో," అన్న ఆమె తల దించుకునే తలుపు వేసింది. ప్రతి ఇంటి దగ్గరా "కూర్చో" అన్నారు. ఒక్కోచోట ఆమె కూర్చుంది కూడా. కారులోకి వచ్చినప్పుడల్లా కొరిన్ తల్లి మొహం ఒకసారి చూసుకుని, ఏమీ అడగకుండా గేరు మార్చేది.

పొద్దు వాలేసరికి వెనక సీట్లో ఒక్కటే మిగిలింది. గోధుమరంగు మట్టికుండ, చిక్కుళ్ళు ఉడికించేది. తిరగేస్తే టేపుమీద స్టానార్డ్ అని ఉంది.

"ఇది రేపు నేనిచ్చేస్తాలే," అంది కొరిన్.

"కాదు. ఈ కుండలో వచ్చింది కూడా మనం తిన్నాం."

రాయిస్ స్టానార్డ్ వెండెల్ అంత్యక్రియలకి వచ్చి, లూయెల్లా చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని నిజంగానే కళ్ళు తుడుచుకున్నాడు. పొద్దున కోర్టు మెట్లమీద టోపీ తీసి, "నీమీద నాకేం లేదు లూ," అన్నాడు. అదీ నిజమే. లూయెల్లాకి అతని మీద కోపం నిలుపుకోవడం కష్టంగా ఉండేది అందుకే.

తలుపు తీసింది రాయిస్ భార్య వెరా. లూయెల్లా, ఆమె ఒకే బెంచీలో చదువుకున్నవాళ్ళు.

"కుండ తెచ్చావా! నేను మర్చేపోయాను లూ."

"నువ్వు మర్చిపోవు వెరా. అందులో ఆవాలపొడి వేసింది నువ్వొక్కదానివే. వెండెల్ ఉంటే రెండోసారి వడ్డించుకునేవాడు."

వెరా కుండని గుండెకి ఆనించుకుంది. కొరిన్ చేతిలో కాగితం ఆమె చూడనే చూసింది. ముగ్గురూ గుమ్మంలోనే ఉన్నారు.

"రాయిస్ లేడు. తీర్పు వినగానే మాంట్‌పీలియర్ వెళ్ళిపోయాడు."

"నిన్ను అడగడానికి రాలేదు," అంది లూయెల్లా. "కుండ ఇవ్వడానికే వచ్చాను."

"తెలుసు. నువ్వు అడగవు." వెరా వేలితో టేపు అంచు గీరుతూ ఉండిపోయింది. "నా పేరు ఆ కాగితంమీద ఉండటానికి వీల్లేదు లూ. ఆ హాల్లో నా చెయ్యి లేచినా ఊరంతా చూస్తుంది. చీటీలమీద ఓటు పెట్టమని ఏడుగురు లేచి అడిగితే చాలు, చీటీలు పెట్టి తీరాలి. ఈసారి ఎవరిచేతనైనా అడిగించు."

లూయెల్లా ఆమె చెయ్యి ఒకసారి నొక్కి వదిలింది. "అడిగిస్తాను."

కారు తిప్పుకుంటుండగా వెరా ఇంట్లో వేసుకునే చెప్పులతోనే బురదలోకి వచ్చింది. అద్దంమీద తట్టింది. కొరిన్ కిందికి దించింది.

"కొరిన్, ఇవాళ నువ్వు ఆఫీసుకి వెళ్ళలేదుగా?"

"లేదు. కోర్టుకి వచ్చాను కదా."

"అందుకే నీకు తెలియలేదు." వెరా రోడ్డువైపు ఒకసారి చూసింది. "మధ్యాహ్నం కమిటీలో బిల్లులో తేదీ మార్చారు. జూలై కాదు. మే మొదటి తేదీ. రాయిస్ ఫోన్ చేసి చెప్పాడు. ఇది నేను చెప్పినట్టు..." ఆ మాట పూర్తి చెయ్యలేదు. గబగబా వెనక్కి వెళ్ళి తలుపు వేసుకుంది. చెప్పుల జాడలు బురదలో నిలిచిపోయాయి.

లూయెల్లా ఆ జాడలవైపు చూసింది. ఇంటి మనిషిని కాదని ఆ నాలుగడుగులు వెయ్యడానికి ఎంత కావాలో ఆమెకి తెలుసు.

కొరిన్ స్టీరింగుమీద వేళ్ళతో వారాలు లెక్కపెడుతోంది. "సభకి ముందు నెల రోజులు ప్రకటన ఉండాలి. అంటే రేపటి పత్రికలోనే పడాలమ్మా. వచ్చే వారం అంటే అయిపోయినట్టే. రేపు సాయంత్రంలోగా సంతకాలు పెద్దల చేతిలో పడాలి, వాళ్ళు ప్రకటన రాసివ్వాలి, ఆర్మాండ్ పేజీ మూసేలోగా."

"బర్లింగ్టన్‌కి శుక్రవారం జవాబివ్వాలన్నావు."

"ఇప్పుడా సంగతెందుకు?"

"రేపటికి పత్రిక మనదేగా అని," అంది లూయెల్లా.

కొరిన్ తల్లివైపు చూసింది. "మనదే," అంది నెమ్మదిగా. "రేపు నేను ఆఫీసుకి వెళ్ళను. తప్పులు చూసిపెడతాను."

"చూసిపెట్టు. అంశాలన్నీ నువ్వే సరిచూడు. ఆఖరిది ముందు చూడు."

శ్మశానం పక్కనుంచి వెళ్తూ కారు నెమ్మదించింది. కొండవాలులో రాతిగది ఇనపతలుపు మూసే ఉంది. చలికాలంలో పోయినవాళ్ళని నేల మెత్తబడేదాకా అందులో ఉంచుతారు. కాటికాపరి ఒక ఇనపచువ్వతో గడ్డిలో పొడిచి చూస్తున్నాడు. కారుని గుర్తుపట్టి, చువ్వ పైకెత్తి, ఇంకా దిగడంలేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. లూయెల్లా చెయ్యెత్తి అతనికి థాంక్స్ చెప్పింది.

సంతకాలు ఇంకా కొన్ని తక్కువ ఉన్నాయి. వెండెల్‌ని ఇంకా పూడ్చలేదు.